తువ్వాలు క్రింది బేరం – తెర వెనుక గది

ప్రయాణికుని మొదటి ప్రశ్న దారి. రెండవ ప్రశ్న రాత్రికి తల దాచుకొనే చోటు. మొదటి ప్రశ్నకు రాజులు బాటలు వేయించి సమాధానం చెప్పారు. రెండవ ప్రశ్నకు సరాయిలు, సత్రాలు, ముసాఫిర్‌ఖానాలు కట్టించారు. గోల్కొండ కోటకు చేరువలోని షేక్‌పేట సరాయి కుతుబ్‌షాహీల కాలపు కట్టడం. బాటసారులకు గదులు, వారి గుర్రాలకు, ఒంటెలకు శాలలు అందులో ఏర్పాటు చేశారు. హయత్‌నగర్‌లో హయాత్ బక్షీ బేగం పేర వెలసిన మసీదు చుట్టూ వరుసగా నిర్మించిన గదులు కూడా ప్రయాణికుల కోసమే. ఆ గదులలో దిగినవాడు ‘నేటి ధర ఎంత? నిన్న ఎంత? రేపు తగ్గునా?’ అని అడుగవలసిన అవసరం ఉండేది కాదు.

నేడు ఆ ప్రశ్నయే ప్రధానమైపోయింది. ఒకే హోటల్, ఒకే అంతస్తు, ప్రక్క ప్రక్క గదులు. ఒకరు రెండువేలు చెల్లిస్తారు, ప్రక్కవారు పన్నెండువందలే చెల్లిస్తారు. ఈ భేదం ఎట్లు కలుగుతున్నది? తక్కువ ధర పొందినవాడు నిజంగా లాభపడినాడా, లేక కంటికి కనిపించని మరొకదానిని ఇచ్చి వచ్చినాడా? మన కళాశాల విద్యార్థులలో పలువురు ప్రవేశపరీక్షలకు, ఉద్యోగ పరీక్షలకు, కుటుంబసభ్యుల వైద్యానికి జోగిపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు మీదుగా హైదరాబాదుకు పోయి, ఒకటి రెండు రాత్రులు అక్కడ ఉండవలసినవారే. కనుక ఈ విషయాన్ని కొంత విపులంగా చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఖాళీ గది లెక్క

బట్టల దుకాణంలో ఈనాడు అమ్ముడుపోని గుడ్డ రేపు అమ్ముడుపోవచ్చు. హోటల్ గది అట్లు కాదు. ఈ రాత్రి ఖాళీగా మిగిలిన గదిని రేపు ఎంత ధరకైనను అమ్మలేము, ఎందుకనగా రేపటి రాత్రి వేరొక సరుకు. ఈ విధంగా చూచినచో గది, సంతలో సాయంకాలం వేళ మిగిలిన ఆకుకూర వంటిది. చీకటి పడే వేళకు కూరలమ్మి ధర తగ్గించినట్లే హోటల్ యజమాని కూడా తగ్గించవలెను గదా!

కాని అతనికి ఒక చిక్కు కలదు. దానిని ఒక చిన్న లెక్కతో గ్రహిద్దాం. ఒక హోటల్‌లో 40 గదులున్నవనుకొందాం. ధర 2,000 రూపాయలు. ఆ ధరకు 25 గదులు నిండినవి, రాబడి 50,000 రూపాయలు. 15 గదులు ఖాళీ. ఒక గదిని అదనంగా నింపితే దుప్పట్లు ఉతకడానికి, నీటికి, విద్యుత్తుకు 300 రూపాయలు ఖర్చు కాగలదు. యజమాని బహిరంగంగా ధరను 1,200కు తగ్గించి 40 గదులూ నింపినాడనుకొందాం. రాబడి 48,000. అదనపు ఖర్చు 4,500 పోగా మిగిలేది 43,500. అనగా గదులన్నీ నిండినా మునుపటికంటె నష్టమే! కారణం స్పష్టం. 2,000 ఇచ్చుటకు సిద్ధపడిన 25 మంది కూడా 1,200 మాత్రమే ఇచ్చిపోయినారు.

అదే యజమాని, పాత 25 మందికి తెలియకుండా, మిగిలిన 15 గదులను మాత్రమే 1,000 రూపాయల వంతున అమ్మగలిగినచో? 50,000కు 15,000 చేరి, ఖర్చు 4,500 పోగా 60,500 చేతికి వస్తుంది. కావున హోటల్‌కు కావలసినది ధర తగ్గించడం కాదు. తగ్గించినట్లు ఇతరులకు తెలియకుండా తగ్గించడం. ‘రహస్యపు గది’, ‘పేరు దాచిన బేరం’ అని నేడు వినబడుతున్న పద్ధతులన్నింటికీ మూలం ఈ చిన్న లెక్కయే.

తువ్వాలు క్రింద వేళ్ళు

ఇది పాశ్చాత్యులు కనిపెట్టిన వింత కాదని మనవారికి చెప్పనవసరం లేదు. బాల్యంలో మా తాతగారి వెంట పశువుల అంగడికి పోయినప్పుడు నేనొక దృశ్యం చూచి ఆశ్చర్యపోయాను. ఎడ్ల జత ప్రక్కన ఇద్దరు మనుషులు నిలిచి చేతులు కలిపి, వాటిపై తువ్వాలు కప్పుకొన్నారు. నోట మాట లేదు. తువ్వాలు క్రింద వేళ్ళు మాత్రం కదులుతున్నవి. ఒకరు తల అడ్డంగా ఊపినారు, మరొకరు మరల వేళ్ళు పట్టినారు. కొంతసేపటికి తువ్వాలు తీసివేసినారు, బేరం ముగిసింది. “అందరూ వినేటట్టు చెప్పవచ్చును గదా!” అని నేనడిగితే తాతగారు నవ్వి, “ఒకనికి తగ్గించినట్లు తెలిస్తే అందరూ తగ్గించమంటారు బేటా” అన్నారు.

మన ప్రాంతంలో అందరూ కేకలు వేసి ధర పెంచే వేలాన్ని ‘హర్రాజు’ అంటాము. ఉర్దూ నుండి వచ్చి తెలుగులో స్థిరపడిన మాట. హర్రాజులో అందరి ధర అందరికీ తెలుస్తుంది. తువ్వాలు క్రింది బేరంలో ఇద్దరికే తెలుస్తుంది. కంప్యూటరుపై హోటల్ గదులకు జరిగిన వేలం పేరుకు హర్రాజు. స్వభావానికి తువ్వాలు క్రింది బేరం.

“మీ ధర మీరే చెప్పండి”

1998లో అమెరికాలో జే వాకర్ అనే వ్యాపారి ప్రైస్‌లైన్ అనే సంస్థ ద్వారా ఒక క్రొత్త పద్ధతిని ప్రవేశపెట్టాడు. మొదట విమాన టిక్కెట్లకు, తదుపరి హోటల్ గదులకు, అద్దె కార్లకు అది విస్తరించింది. ఈ పద్ధతిపై అదే సంవత్సరం ఆగస్టులో పేటెంటు కూడా లభించింది. వ్యాపారం చేసే తీరుకే పేటెంటు ఇవ్వవచ్చునా అని అప్పట్లో పెద్ద చర్చ జరిగింది.

పద్ధతి ఈ విధంగా ఉండేది. ప్రయాణికుడు నగరాన్ని, నగరంలోని ఒక ప్రాంతాన్ని, ఎన్ని నక్షత్రాల హోటల్ కావలెనో దానిని, తేదీలను ఎన్నుకొని, తాను ఇవ్వగల ధరను వ్రాయాలి. క్రెడిట్ కార్డు సంఖ్య ముందే ఇవ్వాలి. ఆ ప్రాంతంలోని ఏ హోటలైనా ఆ ధరకు సమ్మతిస్తే వెంటనే సొమ్ము జమయ్యేది, ఆ తరువాతనే హోటల్ పేరు తెలిసేది. ఇక రద్దు లేదు, మార్పు లేదు. ఏ హోటలూ సమ్మతించకపోతే అదే కోరికతో మరల ధర చెప్పడానికి 24 గంటలు ఆగవలెను. అయితే క్రొత్త ప్రాంతాన్ని చేర్చినా, నక్షత్రాల స్థాయిని మార్చినా వెంటనే మరల ప్రయత్నించవచ్చును.

ఈ నిబంధనలోని సందును తెలివిగల ప్రయాణికులు త్వరలోనే కనిపెట్టారు. తమకు కావలసిన స్థాయి హోటల్ ఒక్కటి కూడా లేని ప్రాంతాన్ని కోరికలో చేర్చితే, అక్కడ గది వచ్చే ప్రమాదం లేదు. మరొక ధర చెప్పే అవకాశం మాత్రం లభిస్తుంది. ఈ ఉపాయంతో తక్కువ ధర నుండి మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోయేవారు.

మెట్టు మెట్టుగా పెంచడంలో అర్థమేమి? ఈ వేలంలో గెలిచినవాడు తాను చెప్పిన ధరనే చెల్లించవలెను. హోటల్ మనసులోని కనీస ధర 1,100 అనుకొందాం. నీవు 1,500 అని వ్రాసినావు. గది దక్కింది, సంతోషించినావు. కాని 400 రూపాయలు ఊరకనే పోయినవి. ఆ సంగతి నీకు ఎన్నటికీ తెలియదు. విలియం విక్రీ అనే ఆర్థికశాస్త్రవేత్త 1961లోనే వేలములను గూర్చి లోతుగా విచారించాడు. గెలిచినవాడు తన ధర కాక తన తరువాతివాని ధర చెల్లించే పద్ధతి ఉంటే, ఎవరూ తమ మనసులోని నిజమైన విలువను దాచవలసిన పని లేదని నిరూపించాడు. 1996లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ప్రైస్‌లైన్ అట్టి వేలం కాదు. కావున అక్కడ నిజం చెప్పినవాడు నష్టపోయేవాడు, నెమ్మదిగా పెంచినవాడు బాగుపడేవాడు.

వేసవిలో స్వదేశం నుండి వచ్చిన తల్లిదండ్రులకు నయాగరా, వాషింగ్టన్ చూపించాలని బయలుదేరే అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఇటువంటి బేరాలు అక్కరకు వచ్చినవి. కాని కాలక్రమేణ జనం తమ ధర ఊహించుటకంటె, తగ్గిన ధరను కంటితో చూచి కొనుటనే ఇష్టపడ్డారు. 2016లో విమాన టిక్కెట్లకు ఈ పద్ధతిని నిలిపివేశారు. ఆపై కొన్నేళ్ళకు హోటల్ గదులకు కూడా అది ముగిసిపోయింది. అదే సంస్థ 2005లో బుకింగ్ డాట్ కామ్‌ను కొని, 2018లో బుకింగ్ హోల్డింగ్స్ అని తన పేరును సైతం మార్చుకొన్నది.

పేరు దాచిన గది

రెండవ పద్ధతి 2000లో స్థాపించబడిన హాట్‌వైర్ సంస్థది. ఇక్కడ ధర చెప్పే శ్రమ లేదు. ధర, ప్రాంతం, నక్షత్రాల స్థాయి, సౌకర్యాలు అన్నీ కనిపిస్తాయి. హోటల్ పేరు మాత్రం సొమ్ము చెల్లించిన పిమ్మట తెలుస్తుంది. ప్రైస్‌లైన్ కూడా ఎక్స్‌ప్రెస్ డీల్ పేరుతో ఇదే త్రోవ పట్టింది. బ్రిటన్‌లో లాస్ట్‌మినిట్ సంస్థ ‘పరమ రహస్య హోటళ్ళు’ అనే అర్థం వచ్చే పేరుతో అమ్మింది. పేరు ప్రతిష్ఠలు గల హోటల్ తన గౌరవాన్ని బజారున పెట్టకుండా ఖాళీ గదిని అమ్ముకొనే ఏర్పాటు ఇది.

తెర ఎంత మందమైనను కొంత వెలుతురు రాక మానదు. బహిరంగ జాబితాలో ఆ ప్రాంతపు హోటళ్ళను ప్రక్కన పెట్టుకొని పోల్చి చూడవలెను. రహస్యపు గదికి ఈతకొలను, ఉచిత ఫలాహారం, వాహనం నిలుపు స్థలం ఉన్నవి, అతిథులు ఇచ్చిన మార్కులు ఇన్ని అని వ్రాసి ఉంటుంది. ఈ లక్షణాలన్నీ కలిసిన హోటల్ ఆ ప్రాంతంలో ఒకటో రెండో మాత్రమే ఉండవచ్చు. వ్యాకరణంలో లక్షణాన్ని బట్టి లక్ష్యాన్ని గుర్తించినట్లే ఇదియు.

కాని గుర్తుంచుకోవలసినది వేరొకటి ఉన్నది. ఇట్టి గదులలో సాధారణంగా ‘ఇద్దరు పట్టే గది’ అని మాత్రమే హామీ ఉంటుంది. మంచం ఒకటియా రెండా అనునది హోటల్ ఇష్టం. తండ్రీకూతుళ్ళు, అన్నాచెల్లెళ్ళు ప్రయాణించేటప్పుడు ఇది చిన్న విషయం కాదు.

మన దేశంలో

మన దేశంలో మేక్‌మైట్రిప్ 2000లో, గోఐబిబో 2009లో మొదలైనవి. 2017 నాటికి రెండూ ఒకే గొడుగు క్రిందికి వచ్చినవి. ఆంధ్ర సరిహద్దుకు ఆనుకొని ఉన్న ఒడిశాలోని రాయగడ ప్రాంతం నుండి వచ్చిన రితేష్ అగర్వాల్ అనే యువకుడు 2013లో ఓయోను స్థాపించి, చిన్న లాడ్జీలను ఒకే పేరు క్రిందికి తెచ్చాడు. ఇక్కడ ఎక్కువగా కనిపించేది పేరు దాచే పద్ధతి కాదు, గడియ గడియకు ధర మార్చే పద్ధతి; కూపన్లు, బ్యాంకు కార్డు రాయితీలు, చివరి నిమిషపు తగ్గింపులు.

ఈ సంస్థలకు, హోటళ్ళకు మధ్యగల ఒప్పందాలు కూడా ధరను శాసిస్తాయి. 2022 అక్టోబరులో భారత పోటీ కమిషన్ మేక్‌మైట్రిప్–గోఐబిబోపై సుమారు 223 కోట్లు, ఓయోపై సుమారు 169 కోట్ల రూపాయల జరిమానా విధించింది. తమ వేదికపై ఉన్న ధరకంటె తక్కువకు ఇతర వేదికలలో అమ్మరాదని హోటళ్ళను కట్టడి చేయడం కమిషన్ తప్పుపట్టిన అంశాలలో ఒకటి. ఇట్టి కట్టడి ఉన్నచోట హోటల్ యజమాని తగ్గింపు ధరను ఆన్‌లైన్‌లో బాహాటంగా ప్రకటించజాలడు. కాని టెలిఫోన్‌లో అడిగినవానికి చెప్పగలడు. తువ్వాలు మరల ఇక్కడ ప్రత్యక్షమైనది!

ఒక అనుభవం

కొన్నేళ్ళ క్రిందట మా చెల్లెలికి హైదరాబాదులో ఒక ప్రవేశపరీక్ష ఉండెను. ముందురోజు సెల్‌ఫోన్‌లో చాలా తక్కువ ధరకు ఒక గది కనిపించింది. ‘రద్దు లేదు, సొమ్ము వాపసు లేదు’ అని చిన్న అక్షరాలలో ఉన్నది. తగ్గింపు చూచిన కళ్ళకు అది కనబడలేదు. ‘ఒక్క గది మాత్రమే మిగిలింది’ అన్న ఎర్రని అక్షరాలు మాత్రం బాగా కనబడినవి. రాత్రి పదిగంటలకు అక్కడకు చేరితే గుమాస్తా, “ఈ ధర మాకు గిట్టదండీ, మరో ఆరువందలు ఇస్తే తాళంచెవి ఇస్తాను” అన్నాడు. బుక్ చేసిన సంస్థకు ఫోన్ చేస్తే సంగీతం తప్ప మనిషి పలుకలేదు. చివరకు దూరపు పరిచయస్తుల ఇంటి తలుపు తట్టాము. చెల్లెలు నిద్రపోయేసరికి రెండు గంటలు దాటింది. ఉదయం తొమ్మిదికి పరీక్ష. ఆ సంవత్సరం ఆమెకు సీటు రాలేదు. ఆ రాత్రియే కారణమని నేననలేను. కాదనడానికీ నాకు ధైర్యం చాలదు.

ఆ తరువాత నేను ఆలోచించగా ఒక సత్యం బోధపడింది. తగ్గింపు ఎవరూ దానంగా ఇవ్వరు. హోటల్ పేరు తెలుసుకొనే హక్కు, మనసు మార్చుకొనే హక్కు, తేదీ జరుపుకొనే హక్కు – వీటిని మనం అమ్ముతున్నాము. వాటి వెలయే ఆ తగ్గింపు. చూడని వస్తువును కొన్నవానికి, చూచిన పిదప తిరస్కరించే హక్కు కలదని హనఫీ ధర్మశాస్త్రజ్ఞులు శతాబ్దాల క్రిందటనే చెప్పారు. దానినే ‘ఖియారె రూయత్’ అంటారు. రహస్యపు గది కొనేవాడు సరిగా ఆ హక్కునే వదులుకొంటున్నాడు. చేతిలో సొమ్ము మిగులు ఉన్నవాడు దానిని వదులుకోవచ్చు; గది నచ్చకపోతే మరొక గది తీసుకొంటాడు. ఉన్న సొమ్మంతా ఆ ఒక్క గదికే పెట్టినవాడు వదులుకొంటే రోడ్డుపై నిలబడతాడు. తక్కువ ధర పేదవానికే ఎక్కువ ఆకర్షణ. దానిలోని అపాయమూ అతనికే ఎక్కువ. ఈ విషయంలోని విషాదమిదే.

రక్షణ మార్గాలు

అయితే నేడు వినియోగదారుడు పూర్తిగా నిస్సహాయుడు కాడు. ‘ఒక్కటే మిగిలింది’ వంటి అబద్ధపు తొందర పెట్టడం, మొదట తక్కువ ధర చూపి చివర రుసుములు కలపడం, అడుగని వస్తువును బిల్లులో చేర్చడం – ఇట్టి 13 రకాల మోసపు పోకడలను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాల ద్వారా నిషేధించింది. అమెరికాలో కూడా 2025 మే నుండి బస గదుల మొత్తం ధరను తప్పనిసరి రుసుములతో సహా ముందే చూపాలనే నియమం అమలులోకి వచ్చింది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదీ తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. అనగా కంపెనీ ఏ మహానగరంలో ఉన్నా, నారాయణఖేడ్ వాసి సంగారెడ్డిలోని జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షలలోపు ఉంటే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. అంతకుముందు 1915 అనే జాతీయ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయడం సులభమైన మొదటి మెట్టు.

విద్యార్థులకు సూచనలు

మొదటిది: ధర చూచేటప్పుడు పన్నుతో కలిపిన తుది మొత్తాన్నే పోల్చండి. 2025 సెప్టెంబరు 22 నుండి రోజుకు 7,500 రూపాయల వరకు గల గదులపై జి.ఎస్.టి. 5 శాతం. సంస్థ కలిపే ఇతర రుసుములు దీనికి వేరు.

రెండవది: ఆన్‌లైన్‌లో ధర చూచిన పిమ్మట అదే హోటల్‌కు నేరుగా ఫోన్ చేసి, “నేరుగా వస్తే ఎంతకు ఇస్తారు?” అని మర్యాదగా అడగండి. మధ్యవర్తికి ఇచ్చే కమీషన్ మిగిలితే హోటల్ అందులో కొంత మీకు వదలవచ్చు.

మూడవది: ఆన్‌లైన్‌లో బుక్ చేసినా, బయలుదేరే ముందు హోటల్‌కు ఫోన్ చేసి, బుకింగ్ వారికి చేరినదో లేదో, ఆ ధరకు సమ్మతమో కాదో, మీ గుర్తింపు కార్డు చెల్లునో చెల్లదో నిర్ధారించుకోండి. మాట్లాడినవారి పేరు వ్రాసుకోండి. ఈ ఒక్క పని నేనానాడు చేసి ఉంటే!

నాల్గవది: పరీక్షకు, వైద్యానికి పోయేటప్పుడు రద్దు లేని గదిని కొనకండి. విహారయాత్రకు పోయేటప్పుడు, వెంట మిత్రులు, చేతిలో కొంత మిగులు ఉన్నప్పుడు రహస్యపు బేరాన్ని నిరభ్యంతరంగా ప్రయత్నించండి. ఎంత వరకు పోవచ్చునో ఆ ధరను ముందే కాగితంపై వ్రాసుకొని, దానిని దాటకండి.

అయిదవది: బుకింగ్ కాగితాన్ని, చెల్లింపు రసీదును, హోటల్‌తో జరిగిన సందేశాలను ఫోటో తీసి భద్రపరచండి. ఫిర్యాదుకు అవే సాక్ష్యాలు.

ముగింపు

ఈ సంవత్సరం మన కళాశాల విద్యార్థి ఒకడు తన తండ్రిని చికిత్స నిమిత్తం హైదరాబాదుకు తీసుకొనిపోతూ నా సలహా అడిగాడు. ఆసుపత్రికి సమీపంలో రెండు గదులు చూచాము. ఒకటి రద్దు లేనిది. రెండవది ముందురోజు వరకు రద్దు చేసుకోదగినది, 150 రూపాయలు ఎక్కువ. ఆ కుర్రవాడు కొంతసేపు ఫోన్ వంక చూచి, “నూట యాభై అంటే రెండు పూటల భోజనం సార్” అన్నాడు. నిజమే. అయినను రెండవదే తీసుకొమ్మన్నాను. ప్రయాణానికి రెండు రోజుల ముందు ఆసుపత్రివారు తేదీని వారం రోజులు వెనుకకు జరిపారు. గది సొమ్ము పూర్తిగా వాపసు వచ్చింది. ఆ సొమ్ముతోనే తరువాతి వారం మరల గది తీసుకొన్నారు.

బేరమాడడం తెలివి, ఏది బేరానికి పెట్టరాదో తెలియడం వివేకం. తువ్వాలు క్రింద చేయి పెట్టే ముందు మా తాతగారు ఎడ్ల పండ్లు చూచేవారు, డెక్కలు చూచేవారు, నడిపించి చూచేవారు. ఆ తరువాతనే వేళ్ళు కదిపేవారు. కంప్యూటరు తెర ముందు కూర్చున్న ఆయన మనుమలకు కూడా ఆ క్రమమే శ్రేయస్కరం.